అమెరికాలో వార్తల మీద నమ్మకం పోయింది ఛానళ్లలోనా, ఊళ్లలోనా?

వేపపూత (న్యూజెర్సీ)

సభ్యులకు నమస్కారం. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం రాత్రి మా కుటుంబానికి ఎదురైన అనుభవంతో ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. హెచ్‌-1బి వీసా మీద ఇక్కడ పనిచేస్తున్న మా తమ్ముడు అమ్మను చూడటానికి బయలుదేరి, విమానమెక్కి, సీటు బెల్టు కూడా పెట్టుకున్నాడు. తలుపులు మూయకముందే ఫోన్లో వార్త వచ్చింది. హెచ్‌-1బికి లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశారని, ఆదివారం నుంచే అది అమల్లోకి వస్తుందని దాని సారాంశం. ఆ మొత్తాన్ని ఏటా కట్టాలని వాణిజ్య మంత్రి హోవర్డ్ లుట్నిక్ విలేకరులతో అన్నారు. ఉద్యోగులెవరూ దేశం దాటవద్దని కంపెనీల న్యాయవాదులు ఈమెయిళ్లు పంపడం మొదలుపెట్టారు. మా తమ్ముడు విమానం దిగిపోయాడు. అతని వెనకే మరికొందరు దిగారు. అమ్మ కోసం కొన్న వినికిడి యంత్రం అతని చేతిసంచిలోనే ఉండిపోయింది. మరునాడు శ్వేతసౌధం ప్రతినిధి కరోలిన్ లెవిట్ అది ఏటా కట్టేది కాదని, ఒక్కసారే కట్టేదని, కొత్త దరఖాస్తులకే వర్తిస్తుందని, ఇప్పటికే వీసా ఉన్నవారు ఎప్పటిలాగే వెళ్లి రావచ్చని వివరణ ఇచ్చారు.

ఆ రాత్రి నేను కేబుల్ ఛానళ్లన్నీ తిప్పి చూశాను, తెలుగు యూట్యూబ్ ఛానళ్లు ఏడెనిమిది చూశాను, వాట్సాప్‌లో వచ్చిందల్లా చదివాను. ఒకచోట విదేశీయుల దోపిడీకి అడ్డుకట్ట పడిందన్నారు. మరోచోట దేశం పరువు పోయిందన్నారు. మనవాళ్ల ఛానళ్లలో అందరూ పెట్టే బేడా సర్దుకోవలసిందేనన్నారు. విమానంలో కూర్చున్న మనిషి దిగాలా వద్దా అన్నది మాత్రం ఎవరి ప్రశ్నా కాలేదు.

గాలప్ సంస్థ 2025లో జరిపిన సర్వేలో పత్రికలు, టీవీ, రేడియో వార్తలను నిష్పక్షపాతంగా, కచ్చితంగా ఇస్తాయని నమ్మేవారు 28 శాతమే అని తేలింది. 1976లో అదే ప్రశ్నకు 72 శాతం మంది నమ్ముతున్నామన్నారు. ఈ యాభై ఏళ్లలో చెడిపోయినది ఏమిటి? మీడియా ఈ దేశ రాజకీయాలను చెడగొట్టిందా, రాజకీయాలే మీడియాను చెడగొట్టాయా? ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నవారు, చట్టం తెలిసినవారు, పత్రికల్లో పనిచేసినవారు తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

మంచుదారి (మిన్నెసోటా)

దీనికంతటికీ మూలం 1987లో ఉందని నా నమ్మకం. అప్పటివరకు వివాదాస్పద విషయాల్లో రెండు పక్షాలనూ వినిపించాలనే ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ ఉండేది. రీగన్ హయాంలో దాన్ని ఎత్తివేశారు. ఆ తరువాతే ఒక్కొక్క ఛానల్ ఒక్కొక్క పార్టీ గొంతుగా మారింది. దాన్ని తిరిగి తెస్తే సగం రోగం కుదురుతుంది.

చట్టం చదువరి (వర్జీనియా)

మంచుదారి గారూ, ఈ మాట చాలామంది అంటారు. అందులో నిజం కొంతే ఉంది. ఆ నియమం 1949లో రేడియో, టీవీ స్టేషన్లకు లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తెచ్చింది. పెన్సిల్వేనియాలోని రెడ్ లయన్ అనే చిన్న ఊరి రేడియో స్టేషన్ దానిని సవాలు చేస్తే 1969లో సుప్రీంకోర్టు నియమం వైపే నిలిచింది. కోర్టు చెప్పిన కారణం గమనించదగినది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, అవి పరిమితం, లైసెన్సు పొందిన కొద్దిమంది అందరి తరఫున వాటికి ధర్మకర్తలు. కేబుల్ ఛానళ్లకు ఆ తరంగాలతో పనిలేదు కాబట్టి సీఎన్ఎన్‌కు గాని, 1996లో పుట్టిన ఫాక్స్ న్యూస్‌కు గాని, ఎంఎస్ఎన్‌బీసీకి గాని ఆ నియమం ఉన్నా వర్తించేది కాదు. పత్రికలకు అది ఎన్నడూ లేదు. దాని రద్దు ప్రభావం సూటిగా కనిపించేది రేడియోలోనే. 1988లో రిపబ్లికన్ పక్షపు రేడియో వ్యాఖ్యాత రష్ లింబా కార్యక్రమం దేశమంతటా మొదలైంది. మూడు గంటలు ఒకే పక్షం మాట్లాడినా అడిగేవారు లేని కొత్త కాలానికి అది గుర్తు.

కేబుల్ ఛానల్ ఎందుకు అలా మారింది అన్నదానికి జవాబు నియమాల్లో కంటే చందాల్లో దొరుకుతుంది. ఫాక్స్ చూడని ఇంటివారు కూడా కేబుల్ బిల్లులో దానికి నెలనెలా వాటా చెల్లిస్తారు. ఛానల్‌ను ప్రాణంగా చూసే కొన్ని లక్షల మంది ఉంటే చాలు, వారు ఊరుకోరన్న భయంతో కేబుల్ కంపెనీ అడిగినంత ఇస్తుంది. అంటే అందరికీ కాస్త నచ్చడం కంటే కొందరికి విడవలేనంతగా నచ్చడం లాభసాటి వ్యాపారం.

దానికి సాక్ష్యం కోర్టు కాగితాల్లోనే ఉంది. 2020 ఎన్నికల రాత్రి అరిజోనాను బైడెన్ గెలిచారని అందరికంటే ముందు ప్రకటించినది ఫాక్స్ ఛానలే. ఆ అంచనా సరైనదే అయినా ప్రేక్షకులు కోపగించి న్యూస్‌మాక్స్ అనే పోటీ ఛానల్ వైపు మళ్లారు. ఆ తరువాత కొన్ని వారాలు డొమినియన్ ఓటింగ్ యంత్రాలు ఓట్లు మార్చాయన్న ఆరోపణలకు ఫాక్స్ వేదిక అయింది. డొమినియన్ కంపెనీ డెలవేర్ కోర్టులో పరువునష్టం దావా వేసినప్పుడు ఛానల్ వ్యాఖ్యాతలు, అధికారులు ఒకరికొకరు పంపుకున్న సందేశాలు బయటపడ్డాయి. తెర మీద వినిపించిన ఆరోపణలను తెర వెనుక వారే నమ్మలేదు. ఆ మాటలు నిజం కావని న్యాయమూర్తి విచారణకు ముందే తేల్చారు. 2023 ఏప్రిల్ 18న జ్యూరీ ముందు వాదనలు మొదలయ్యే సమయానికి ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. ఆ కాగితాలు చదివినప్పుడు నాకు కనిపించినది ప్రజలను మాయచేసే శక్తిమంతుడు కాదు, తన ప్రేక్షకులకు భయపడి నిజం చెప్పలేక నీళ్లు నమిలిన సంస్థ.

డాలస్ వాసి

చట్టం చదువరి గారి వివరణకు కృతజ్ఞతలు. అయితే ఇటువంటి చర్చల్లో ప్రతిసారీ ఉదాహరణ ఫాక్స్ దగ్గరే మొదలై ఫాక్స్ దగ్గరే ఆగడం నాకు బాధ కలిగిస్తుంది. నేను రిపబ్లికన్ పార్టీకి ఓటు వేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఈ దేశంలో పన్ను కడుతున్నాను. మా వంటి వారికి పెద్ద పత్రికల మీద నమ్మకం ఊరికే పోలేదు.

2020 అక్టోబర్‌లో జో బైడెన్ కుమారుడు హంటర్ బైడెన్ లాప్‌టాప్ కథనాన్ని న్యూయార్క్ పోస్ట్ ప్రచురిస్తే ట్విట్టర్ ఆ లింకును ఎవరూ పంచుకోకుండా అడ్డుకుంది. ఆ లాప్‌టాప్‌లోని ఈమెయిళ్లలో కొన్ని నిజమైనవేనని పెద్ద పత్రికలు ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది. కోవిడ్ వైరస్ ప్రయోగశాల నుంచి వచ్చి ఉండవచ్చన్న వాదనను వాషింగ్టన్ పోస్ట్ 2020లో కుట్ర సిద్ధాంతంగా కొట్టిపారేసి, 2021లో ఆ శీర్షికను సవరించుకుంది. 2024 జూన్ మొదటివారంలో బైడెన్ వయోభారం గురించి వాల్ స్ట్రీట్ జర్నల్ రాస్తే సాటి పత్రికా వ్యాఖ్యాతలే దాని మీద విరుచుకుపడ్డారు. అదే నెల 27న ట్రంప్‌తో అట్లాంటాలో జరిగిన ఎన్నికల చర్చలో దేశమంతా కళ్లారా చూసింది. మా ఇంట్లో మా అమ్మగారు, ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం, టీవీ ముందు కూర్చుని "ఈ పెద్దాయనకు ఒంట్లో బాగాలేదు, ఎవరూ చెప్పలేదా" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

వేపపూత గారు చెప్పిన గాలప్ సర్వేలోనే రిపబ్లికన్లలో మీడియాను నమ్మేవారు 8 శాతం. పన్నెండు మందిలో పదకొండుగురు నమ్మడం లేదంటే తప్పు ఆ పదకొండుగురిదేనా?

పాత డెస్కు (హైదరాబాద్)

డాలస్ వాసి గారి ఆవేదన న్యాయమైనది. ఆయన చెప్పిన మూడు సందర్భాల్లోనూ పత్రికలు చేసిన తప్పు ఒక్కటే. తెలిసిన విషయాన్ని రాయడానికి ముందు, అది ఎవరికి ఉపయోగపడుతుందో ఆలోచించారు. డెస్కు మీద ముప్ఫై ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆ ఆలోచన ఒకసారి గదిలోకి వస్తే ఇక బయటికి పంపడం కష్టం.

అయితే ఆ గది ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. అమెరికా దినపత్రికలు, వారపత్రికలు కలిపి 2005లో సుమారు 8,900 ఉండేవి. వాటిలో మూడో వంతుకు పైగా మూతపడ్డాయని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం మెడిల్ జర్నలిజం స్కూలు ఏటా లెక్క చెబుతోంది. స్థానిక వార్తలకు ఏ ఆధారమూ లేని కౌంటీలు (మన జిల్లాల వంటివి) 200 దాటాయి. ఇదేదో పాఠకులు అలిగి చేసిన పని కాదు. ఇల్లు అద్దెకు, పాత కారు అమ్మకానికి, ఉద్యోగం ఖాళీకి ఇచ్చే వర్గీకృత ప్రకటనలు క్రెయిగ్స్‌లిస్ట్ అనే వెబ్‌సైటుకు పోయాయి. దుకాణాల ప్రకటనలు గూగుల్‌కు, ఫేస్‌బుక్‌కు పోయాయి. పత్రికల ప్రకటనల ఆదాయం 2005లో సుమారు 4,900 కోట్ల డాలర్లుంటే 2022 నాటికి వెయ్యి కోట్లకు లోపే. 2008లో పత్రికల వార్తా విభాగాల్లో 71,000 మంది ఉండగా 2020 నాటికి 31,000 మంది మిగిలారు.

మిగిలిన ఉద్యోగాలు ఎక్కువగా న్యూయార్క్, వాషింగ్టన్ వంటి నగరాల్లో ఉన్నాయి. ఒకే కాలేజీల్లో చదివి, ఒకే వీధుల్లో అద్దెకుండి, ఒకరి రాతలు ఒకరు చదువుకునేవారు దేశమంతటి గురించీ రాస్తున్నారు. మన దగ్గర జిల్లా ఎడిషన్లు వచ్చిన రోజులు గుర్తు చేసుకోండి. మండలానికి ఒక కంట్రిబ్యూటర్ ఉండేవాడు. అతనికి ఇచ్చేది అంతంతమాత్రమే, అతని వార్తల్లో తప్పులుండేవి, ఒత్తిళ్లకు లొంగిన సందర్భాలూ నాకు తెలుసు. అయినా చెరువు గట్టు తెగితే తెల్లారేసరికి ఆ ఊరి పేరు పేజీ మీద ఉండేది. తప్పు రాస్తే ఉదయం ఏడు గంటలకు బస్టాండు టీకొట్టు దగ్గర నలుగురు అతన్ని పట్టుకుని నిలదీసేవారు. అమెరికా వార్తల్లో ఇప్పుడు కరువైనది ఆ నిలదీత అని నా అభిప్రాయం. రాసినవాడు, చదివినవాడు ఒకే దుకాణంలో పాలు కొనుక్కునే పరిస్థితి లేదు.

ఒహాయో ఇల్లు

పాత డెస్కు గారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మేము ఉండేది ఒహాయో ఈశాన్యంలో, యంగ్స్‌టౌన్‌కు అరగంట దూరంలో ఒక చిన్న ఊరు. యంగ్స్‌టౌన్‌లో ది విండికేటర్ అనే దినపత్రిక 150 ఏళ్లు నడిచి 2019 ఆగస్టు 31న ఆగిపోయింది. ఉక్కు కర్మాగారాలు మూతపడినప్పుడు, మాఫియా కార్ల కింద బాంబులు పెట్టిన రోజుల్లో, లంచాల కేసులో స్థానిక కాంగ్రెస్ సభ్యుడు ట్రాఫికాంట్ 2002లో జైలుకు వెళ్లినప్పుడు రాసిన పత్రిక అది. పక్క ఊరు వారెన్ పత్రిక ఆ పేరు కొనుక్కుని ఒక ఎడిషన్ వేస్తోంది. కానీ వెనుకటి సిబ్బందిలో చాలామంది వెళ్లిపోయారు, మా ఊరి దాకా వచ్చే విలేకరి ఇప్పుడు ఎవరూ లేరు.

2025 మార్చిలో మా స్కూలు బోర్డు సమావేశానికి మొదటిసారి వెళ్లాను. హైస్కూలు గ్రంథాలయంలో మడత కుర్చీలు నలభై వేశారు, పదకొండు నిండాయి. ట్రెజరర్ గోడ మీద బడ్జెట్ చూపిస్తూ, ఐదు మిల్లుల లెవీకి, అంటే ఇళ్లపై స్కూలు పన్నుకు, ప్రజల ఓటు కోరబోతున్నామని చెప్పారు. తెలియనివారి కోసం ఒక మాట. ఒహాయోలో ఇంటి విలువలో 35 శాతాన్ని పన్ను లెక్కకు తీసుకుని, దానిలో ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలరు చొప్పున వేస్తే ఒక మిల్లు. రెండు లక్షల డాలర్ల ఇంటికి ఐదు మిల్లులంటే ఏడాదికి 350 డాలర్లు. లెవీ ఓడిపోతే హైస్కూలు పిల్లలకు బస్సులు ఆపుతామని ఆయన చూపించిన 31వ పేజీలో స్పష్టంగా ఉంది. ఆయన అది చదివినప్పుడు గదిలో ఎవరూ తలెత్తలేదు.

చివర్లో ఒకావిడ లేచి గ్రంథాలయంలోని ఒక నవల పిల్లలకు తగదన్నారు, మరొకాయన ఆమె మీద అరిచారు. ఎవరో ఫోన్లో తీశారు. ఆ నలభై సెకన్ల వీడియో రెండు రోజుల్లో రాష్ట్రం దాటిపోయింది. మా ఊరి పేరు కూడా సరిగా పలకలేనివారు దాని మీద తీర్పులిచ్చారు. ఆ రెండు నెలలు ఊళ్లో పోస్టాఫీసు దగ్గర, చర్చి దగ్గర అందరూ మాట్లాడుకున్నది ఆ నవల గురించే. మే నెలలో లెవీ ఓడిపోయింది. ఆగస్టులో బస్సులు ఆగిపోయాయి. మా పక్కింటావిడ రాత్రి షిఫ్టులో పనిచేసి వచ్చి, నిద్ర లేకుండానే కొడుకును కారులో స్కూలుకు తీసుకువెళుతోంది. "బస్సుల సంగతి ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే" అంది నాతో. చెప్పారు. పదకొండు మందికి చెప్పారు. ఆ పదకొండు మందిలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ మాటకు నాకు తల కొట్టేసినట్లయింది.

విండికేటర్ ఉన్న రోజుల్లో ఇలాంటి సమావేశం గురించి లోపలి పేజీలో ఆరు అంగుళాల వార్త వచ్చేదని మా వీధిలోని ఒక పెద్దాయన చెప్పారు. దాన్ని చదవడానికి ఎవరూ ఉర్రూతలూగేవారు కాదట. కానీ అందరికీ తెలిసేదట.

డాలస్ వాసి

ఒహాయో ఇల్లు గారూ, మీ టపా మా ఆవిడకు చదివి వినిపించాను. నా వాదన నేను వదులుకోవడం లేదు, కానీ మా కౌంటీలో స్కూలు బోర్డు సభ్యులెవరో నాకు ఒక్క పేరూ తెలియదని ఇప్పుడే గ్రహించాను. సెనేట్‌లో ఎవరు ఎవరిని ఏమన్నారో మాత్రం రోజూ తెలుసు.

పొద్దుతిరుగుడు (కాన్సస్)

ఊరి పత్రిక బతికి ఉంటే ఎలా ఉంటుందో చెప్పడానికి మా రాష్ట్రంలో ఒక ఉదాహరణ ఉంది. మారియన్ అనేది రెండు వేలకు లోపు జనాభా ఉన్న ఊరు. మారియన్ కౌంటీ రికార్డ్ అక్కడి వారపత్రిక. ఊళ్లో ఒక రెస్టారెంటు యజమాని డ్రైవింగ్ రికార్డు గురించి విలేకరి ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూడటాన్ని నేరంగా భావించి, 2023 ఆగస్టు 11న పోలీసులు పత్రిక కార్యాలయం మీద, సంపాదకుడు ఎరిక్ మేయర్ ఇంటి మీద సోదాకు వచ్చారు. కంప్యూటర్లు, ఫోన్లు పట్టుకుపోయారు. ఆ ఇంట్లో 98 ఏళ్ల ఆయన తల్లి జోన్ మేయర్ ఉన్నారు, ఆమె కూడా పత్రిక యజమానుల్లో ఒకరు. తన ఇంటి నుంచి బయటికి పొమ్మని ఆమె పోలీసులను కసురుతున్న దృశ్యం కెమెరాలో ఉంది. మరునాడు ఆమె కన్నుమూశారు.

కంప్యూటర్లు లేకుండానే సిబ్బంది రాత్రింబవళ్లు పనిచేసి తరువాతి బుధవారం సంచికను సమయానికి తెచ్చారు. అదే రోజు కౌంటీ ప్రాసిక్యూటర్ తగిన ఆధారాలు లేవంటూ వారంటును వెనక్కి తీసుకున్నారు. పోలీసు అధిపతి అక్టోబర్‌లో రాజీనామా చేశారు. ఆ పత్రిక అప్పటికే ఆ పోలీసు అధిపతి పాత ఉద్యోగంలోని ఆరోపణల గురించి ఆరా తీస్తూ ఉంది. ఒక చిన్న వారపత్రిక అంటే అధికారంలో ఉన్నవారికి ఎంత భయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

చట్టం చదువరి (వర్జీనియా)

పొద్దుతిరుగుడు గారి ఉదాహరణ నుంచి నేను పెద్ద సంస్థల వైపు రావలసి ఉంది, ఎందుకంటే అక్కడ కథ తలకిందులుగా నడుస్తోంది. చట్టం పత్రికల వైపే ఉంది. 1964 నాటి న్యూయార్క్ టైమ్స్ వర్సెస్ సలివన్ తీర్పు ప్రకారం, ప్రభుత్వంలో ఉన్నవారు పరువునష్టం దావా గెలవాలంటే అబద్ధమని తెలిసి గాని, నిజానిజాలను బొత్తిగా లెక్కచేయకుండా గాని రాశారని రుజువు చేయాలి. ఇంత బలమైన రక్ష మరే దేశపు పత్రికలకూ ఉందనుకోను. అయినా 2024 డిసెంబర్‌లో ఏబీసీ ట్రంప్ దావాలో 1.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. 2025 జులైలో సీబీఎస్ మాతృసంస్థ పారమౌంట్, 60 మినిట్స్ కార్యక్రమంలో కమలా హారిస్ ఇంటర్వ్యూను ఎడిట్ చేసిన తీరుపై ట్రంప్ వేసిన దావాలో 1.6 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ దావా నిలవదని ఎందరో న్యాయనిపుణులు అన్నారు. కానీ పారమౌంట్‌ను స్కైడాన్స్ అనే సంస్థ కొనడానికి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అనుమతి కావలసి వచ్చింది. రాజీ జరిగిన నెలలోనే, జులై 24న, ఆ అనుమతి వచ్చింది.

2025 సెప్టెంబర్‌లో ట్రంప్ మద్దతుదారు చార్లీ కర్క్ హత్య తరువాత ఏబీసీ రాత్రి హాస్య కార్యక్రమం నడిపే జిమ్మీ కిమ్మెల్ చేసిన వ్యాఖ్యలపై కమిషన్ చైర్మన్ బ్రెండన్ కార్ ఏబీసీ స్టేషన్ల లైసెన్సుల ప్రస్తావన తెచ్చారు. కొన్ని గంటల్లోనే, ఎన్నో టీవీ స్టేషన్లున్న నెక్స్‌టార్ సంస్థ తన స్టేషన్లలో ఆ కార్యక్రమం ఆపుతున్నట్లు ప్రకటించింది, ఏబీసీ దాన్ని నిలిపివేసింది. ఆరు రోజుల తరువాత మళ్లీ మొదలైంది. టెగ్నా అనే సంస్థను 620 కోట్ల డాలర్లకు కొనడానికి నెక్స్‌టార్‌కు అప్పుడు అదే కమిషన్ అనుమతి కావలసి ఉంది.

వార్తా విభాగం తప్పు చేసిందా లేదా అన్నది ఇక్కడ ఎవరూ తేల్చలేదు. వార్తలు ఆ యజమాని వ్యాపారంలో చిన్న ముక్క, మిగతా వ్యాపారమంతా ప్రభుత్వ సంతకం కోసం ఎదురుచూస్తుంది, కాబట్టి ఆ చిన్న ముక్కను పట్టుకుని లాగితే మనిషి మొత్తం కదులుతాడు. మారియన్ పత్రిక యజమానికి కొనవలసిన స్టేషన్లూ లేవు, అమ్మవలసిన స్టూడియోలూ లేవు. అందుకే ఆయన తల వంచలేదేమోనని నాకనిపిస్తుంది.

డాలస్ వాసి

ఇక్కడ ఒక అభ్యంతరం, ఒక అంగీకారం. బైడెన్ ప్రభుత్వం కోవిడ్ సమయంలో కొన్ని పోస్టులు తీసేయమని తమపై ఒత్తిడి తెచ్చిందని మార్క్ జుకర్‌బర్గ్ 2024 ఆగస్టులో కాంగ్రెస్‌కు లేఖ రాశారు. అప్పుడు ఈ లైసెన్సుల బాధ పడుతున్నవారిలో చాలామంది నోరు మెదపలేదు. అంగీకారం ఏమిటంటే, కార్ మాటలను మా టెక్సస్ సెనేటర్ టెడ్ క్రూజ్ బాహాటంగా తప్పుపట్టారు. ఈ ఆయుధం ఒకసారి అలవాటైతే రేపు ఎదుటి పక్షం మా మీద వాడుతుందన్నది ఆయన వాదన. నేను దానితో ఏకీభవిస్తున్నాను.

చట్టం చదువరి (వర్జీనియా)

మీ అభ్యంతరం సబబే. 2024 మే నెలలో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు మనిద్దరినీ ఒకే గట్టున నిలబెడుతుంది. న్యూయార్క్ అధికారిణి ఒకరు నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌తో వ్యాపారం వద్దని బీమా కంపెనీలను బెదిరించారన్న ఆ కేసులో, తాను నేరుగా నోరు మూయించలేనివారిని మూడో మనిషి చేత మూయించడం కూడా రాజ్యాంగ విరుద్ధమేనని కోర్టు స్పష్టం చేసింది. తుపాకుల సంఘం తరఫున వాదించినది పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ.

మంచుదారి (మిన్నెసోటా)

ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ గురించి నా పొరపాటు సరిదిద్దినందుకు ధన్యవాదాలు. యజమానికి వేరే వ్యాపారం లేని ప్రసారాలు ఈ దేశంలో ఒక రకం ఉన్నాయి, అవి ప్రజా రేడియో స్టేషన్లు. 1967 చట్టంతో ఏర్పడిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ వాటికి నిధులిచ్చేది. 2025 జులైలో కాంగ్రెస్ రెండేళ్ల నిధులు 110 కోట్ల డాలర్లు రద్దు చేసింది. డాలస్ వాసి గారి వంటి వారికి ఎన్‌పీఆర్ (నేషనల్ పబ్లిక్ రేడియో) ధోరణి మీద ఉన్న కోపం నాకు తెలుసు, అందులో కొంత న్యాయం కూడా ఉంది. కానీ దెబ్బ తగిలింది వాషింగ్టన్‌లోని ఎన్‌పీఆర్‌కు కాదు, దాని ఆదాయంలో కేంద్రం నుంచి నేరుగా వచ్చేది చాలా తక్కువ. అలాస్కాలోని బెతెల్ ఊరికి బయటినుంచి రోడ్డు లేదు. అక్కడి కేవైయూకే రేడియో ఇంగ్లీషుతోపాటు యూపిక్ భాషలో వార్తలు చెబుతుంది, దాని బడ్జెట్‌లో అధిక భాగం ఈ నిధులే ఉండేవి. నిధులు రద్దయిన రెండున్నర నెలలకే, 2025 అక్టోబర్‌లో, హాలాంగ్ తుపాను అవశేషాలు ఆ తీరాన్ని ముంచెత్తి కిప్నుక్, క్విగిల్లింగాక్ గ్రామాల ఇళ్లను నీళ్లలో కొట్టుకుపోయేలా చేశాయి. ఆ గ్రామాల వారికి వారి భాషలో సమాచారం చెప్పినది ఆ స్టేషనే.

వేపపూత (న్యూజెర్సీ)

అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. మా పదిహేడేళ్ల అమ్మాయి వార్తలన్నీ ఫోన్లో ముగ్గురు నలుగురు వ్యక్తుల దగ్గర వింటుంది. ముప్ఫై ఏళ్లలోపు వారిలో 37 శాతం మంది ఇలాగే ఇన్‌ఫ్లుయెన్సర్ల దగ్గర వార్తలు తెలుసుకుంటున్నారని ప్యూ సంస్థ 2024లో చెప్పింది. "వాళ్లు నాతో మాట్లాడుతున్నట్లు ఉంటుంది, ఛానల్ వాళ్లు ఎవరితోనో పోట్లాడుతున్నట్లు ఉంటుంది" అంటుంది. ఆమె మాటను కొట్టిపారేయలేకపోయాను. సెప్టెంబర్‌లో ఆ రాత్రి మా తమ్ముడికి పనికొచ్చే మాట చెప్పినది కూడా ఒక న్యాయవాది తన ఇంటి వంటగదిలో నిలబడి చేసిన వీడియోనే. ఆయన ప్రకటన పాఠాన్ని చేతిలో పట్టుకుని, ఇది నాకు అర్థమైంది, ఇది ఇంకా స్పష్టంగా లేదు అని విడివిడిగా చెప్పారు. అది మేము చూసేసరికి విమానం వెళ్లిపోయింది.

ఒహాయో ఇల్లు గారూ, మీ ఊళ్లో లెవీ మళ్లీ ఓటుకు వస్తుందా?

ఒహాయో ఇల్లు

వస్తోంది. 2026 మే బ్యాలెట్ మీద మళ్లీ ఐదు మిల్లులే పెట్టారు. బోర్డు సమావేశం వచ్చే మంగళవారం సాయంత్రం ఆరున్నరకు. మా ఊరి గ్రంథాలయంవారు ప్రతి నెలా ఒక కరపత్రం వేస్తారు, అందులో ఒక పేజీ ఇస్తామన్నారు. లెవీకి అనుకూలంగా గాని వ్యతిరేకంగా గాని రాయకూడదన్నది వారి షరతు, అది నాకూ సమ్మతమే. నేను అకౌంటెంటును, ఎప్పుడూ వార్త రాయలేదు. పాత డెస్కు గారూ, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత డెస్కు (హైదరాబాద్)

మొదటి వాక్యంలో బస్సు ఉండాలి. రెండో వాక్యంలో 350 డాలర్లు ఉండాలి, అది ఏ విలువ ఇంటికో కూడా ఉండాలి. ట్రెజరర్‌ను సమావేశం తరువాత ఆపి, లెవీ నెగ్గితే బస్సులు ఏ నెల నుంచి నడుస్తాయో, ఓడితే తరువాత కోత దేనికో అడగండి. ఆయన చెప్పినది అక్కడే కాగితం మీద రాసి చదివి వినిపించండి. వ్యతిరేకిస్తున్నవారిలో ఒకరితో తప్పకుండా మాట్లాడండి, వారి కారణాన్ని వారి మాటల్లోనే రాయండి. పేర్లన్నీ అక్షరం అక్షరం అడిగి రాసుకోండి. నవల గురించి మళ్లీ గొడవ జరిగితే చివర ఒక్క వాక్యం చాలు. రాత్రి ఎంత ఆలస్యమైనా నాకు పంపండి. మీకు అర్ధరాత్రి అయితే ఇక్కడ పగలే, నేను దిద్ది మీరు నిద్ర లేచేసరికి తిరిగి పంపుతాను.